మన నాట్యబడి కబుర్లు: పరీక్ష ఫలితాలు, స్కాలర్‌షిప్, ఒక ఎడమకాలి గజ్జె

గజ్జెలమోత | ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు కాబట్టి కబుర్లు కుప్ప పడ్డాయి. బందరులో మన బడికి ఇప్పుడు పిల్లల్ని పంపుతున్నవాళ్ల కోసమే కాదు, ఒకప్పుడు ఇదే గచ్చు మీద తట్టడుగులు వేసి ఎక్కడెక్కడో స్థిరపడిన పాత విద్యార్థుల కోసం కూడా రాస్తున్నాను.

ముందు పరీక్షల సంగతి. విజయవాడలో జరిగిన కూచిపూడి సర్టిఫికెట్ పరీక్షకు మన బడి నుంచి ఏడుగురు వెళితే ఆరుగురు ఉత్తీర్ణులయ్యారు. అందులో ఒకావిడకు 41 ఏళ్లు. కూతుర్ని దించడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని కూర్చుని, ఒకరోజు చెంగు బిగించి వెనక వరుసలో నిలబడ్డ మనిషి. కూతురి కంటే అమ్మకు నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఇంట్లో ఆ ప్రస్తావన తేకూడదని ప్రస్తుతానికి ఒప్పందం కుదిరిందట.

రెండోది, మన పదకొండేళ్ల చిన్నారికి, కళలు నేర్చుకునే పిల్లలకు కేంద్రప్రభుత్వ సంస్థ ఇచ్చే సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్ వచ్చింది. వాళ్లమ్మ కుట్టుపని చేస్తారు. మన పిల్లల నాట్యం దుస్తుల్లో సగం ఆవిడ చేతిమీదుగా వచ్చినవే.

మూడోది వార్షికోత్సవం. ఈసారి పెన్‌డ్రైవ్ పాటలు లేవు. గాత్రం, మృదంగం, వయొలిన్ వేదిక పక్కనే కూర్చున్నాయి. తాళాలు కొడుతూ, అడుగుల మాటలైన జతులు చెబుతూ నాట్యాన్ని నడిపించే నట్టువాంగం మన బడిలోనే పెరిగిన పదిహేడేళ్ల అమ్మాయి చేసింది. టీచరుగారు ఎదురుగా మూడో వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆవిడ మన పిల్లల నాట్యాన్ని ముందు నుంచి చూడడం ఇదే మొదటిసారి. షీల్డులు, మెమెంటోలు మానేశాం కాబట్టి వాద్యబృందం ఖర్చు మన చందాలతోనే సరిపోయింది.

చివరగా ఒక ప్రకటన. ఆ రోజు మేకప్ గదిలో ఒక ఎడమకాలి గజ్జె తప్పిపోయింది. తోలుపట్టీ, ఐదు వరుసలు, ఒక మువ్వ సొట్ట. పొరపాటున ఎవరి సంచిలోకైనా వచ్చిందేమో దయచేసి చూసుకోండి.

బందరు బాబాయి | ఆదివారం, రాత్రి 9.42

శుభం. ఆ తల్లీకూతుళ్లకు ఇద్దరికీ నా ఆశీస్సులు. మార్కుల పట్టీలు మాత్రం వేరు వేరు బీరువాల్లో దాచుకోమనండి.

మా మనవరాలు ఆ రోజు గొల్లభామ వేషం వేసింది. ఇంటికి రాగానే మొదట అడిగిన మాట, “తాతయ్యా, షీల్డు ఏది?” అని. నేనేం చెప్పను? దాని పక్కింటి నేస్తానికి వేరే బడిలో అడుగెత్తు షీల్డు ఇచ్చారు, అద్దాల బీరువాలో దీపం పెట్టినట్టు వెలుగుతోంది. టీచరుగారి మాట నాకు అర్థమవుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అర్థం కావాలంటే ఎలా?

రెండు జడలు | ఆదివారం, రాత్రి 10.05

బాబాయి గారు మెత్తగా అడిగారు, నేను కాస్త గట్టిగానే అడుగుతాను. షీల్డుల సంగతి పోనివ్వండి. మొన్న దసరా సెలవుల్లో ఒక ప్రపంచ రికార్డు కార్యక్రమం జరిగింది. చుట్టుపక్కల బడులన్నీ పిల్లల్ని పంపాయి. మన టీచరుగారు మాత్రం పంపలేదు. అడిగితే “మన పిల్లలకు ఆ పాట రాదు” అన్నారు, అంతే. రాకపోతే నేర్పవచ్చు కదా? మా అమ్మాయిని నేనే సొంతంగా తీసుకెళ్లాను. పాల్గొన్నట్టు ప్రశంసాపత్రం ఇచ్చారు, మెడలో పతకం వేశారు. బడిలో హెడ్‌మాస్టారు ప్రార్థన సమయంలో పేరు చదివారు. అప్పటి వరకు నలుగురిలో నోరు విప్పని పిల్ల ఆ రోజు నవ్వుతూ ఇంటికి వచ్చింది. అది విజయం కాదా?

మువ్వగోపాలం | సోమవారం, ఉదయం 6.15

రెండు జడలు గారూ, నేను హైదరాబాదులో పాతికేళ్లుగా నాట్యం చెబుతున్నాను. మాది మొవ్వ. మువ్వగోపాల పదాలు రాసిన క్షేత్రయ్య ఊరు కాబట్టే ఈ పేరు పెట్టుకున్నాను.

పెద్ద బృందనాట్యాలన్నీ తప్పని నేను అనను. 2016 డిసెంబరులో విజయవాడలో 6,000 మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అంతకు ముందు 2010లో హైదరాబాదులో కూడా అలాంటిది జరిగింది. అన్ని వేల కాళ్లు ఒకే దెబ్బ కొట్టాలంటే అందరికీ ఒకే అంశం నేర్పాలి, ఒకే కాలప్రమాణం పట్టాలి. అక్కడ నిలబడిన పిల్లకు ఆ మోత ఒంట్లో మిగిలిపోతుంది. దాన్ని నేను కాదనను.

ఇప్పుడు ఊరూరా జరుగుతున్నవి వేరు. ముందు రుసుము కట్టాలి, తర్వాత పతకం వస్తుంది. మధ్యలో నాట్యం ఉందో లేదో ఎవరూ అడగరు. ఒకసారి నేనూ మోసపోయాను. నలభైమంది పిల్లలతో వెళితే ఎండలో మూడు గంటలు నిలబెట్టారు, నాట్యం పట్టుమని ఏడు నిమిషాలు. నిర్వాహకులు ఇచ్చిన పత్రాల్లో సగం పేర్లు తప్పు. ఒక పిల్లవాడికి “కుమారి” అని వచ్చింది. వాడు ఇప్పటికీ ఆ కాగితం చూపించి నన్ను ఏడిపిస్తాడు.

మీ అమ్మాయి నవ్వుతూ రావడం మాత్రం నిజం. దాన్ని ఎవరూ తీసెయ్యలేరు.

రెండు జడలు | సోమవారం, ఉదయం 8.20

మా అమ్మాయి పత్రంలో కూడా ఇంటిపేరు తప్పే. ఆ మాట నిన్న రాయలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ పతకం మాత్రం గోడ మీదే ఉంటుంది, చెబుతున్నా.

ఫ్రెమాంట్ పిల్ల | సోమవారం, ఉదయం 9.00

నేను ఈ బడిలో పదేళ్లు నేర్చుకుని, పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చాను. నాకు మొట్టమొదట తెలుసుకోవాలని ఉన్నది ఒకటే. ఆ సిమెంటు గచ్చు ఇంకా అలాగే ఉందా? మా కాలంలో ఆడి ఇంటికి వెళితే మడమలు మంట పుట్టేవి. అమ్మ ఉప్పు వేసిన వేణ్నీళ్లలో కాళ్లు పెట్టించేది. ఇక్కడ డాక్టరుకు చెబితే, అంతసేపు రాతినేల మీద పాదం కొట్టారా అని ఆశ్చర్యపోయారు.

గజ్జెలమోత | సోమవారం, మధ్యాహ్నం 1.30

గచ్చు పోయిందమ్మా! చెప్పడం మరిచాను. పాత విద్యార్థులు తలా కొంత పంపితే పోయిన వేసవిలో పైన చెక్క వేయించాం. టేకు గీకు కాదు, మామూలు ప్లైవుడ్, కింద రబ్బరు పట్టీలు. అడుగు వేస్తే నేల కాస్త కిందికి దిగి మళ్లీ లేస్తుంది. మొదటి రోజు పిల్లలు నాట్యం మానేసి గంతులే వేశారు. టీచరుగారు మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో కూర్చుని ఒకసారి తట్టి చూసుకుని, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. కళ్లు తుడుచుకున్నారని చిన్నపిల్లలు అంటారు. నేను చూడలేదు.

చెక్క వల్ల మాకు కొత్త తిప్పలు కూడా వచ్చాయి. పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం సాధన చేసేటప్పుడు ఇత్తడి పళ్లెం సిమెంటు మీద కరకరమంటూ కష్టంగా జరిగేది. చెక్క మీద జారిపోతుంది. పిల్లలు ఆ జారుడుకు అలవాటు పడ్డారు. తీరా వార్షికోత్సవం రోజున హాలు వాళ్లు వేదికంతా తివాచీ పరిచి మేకులు కొట్టేశారు. తీయడానికి ఒప్పుకోలేదు.

ఇక చూడండి. మన డిప్లొమా అమ్మాయి పళ్లెం అంచులు బొటనవేళ్లతో పట్టి ముందుకు రావాలి. రెండడుగులు వచ్చాక తివాచీ ముడతలో పళ్లెం పట్టేసింది. పెన్‌డ్రైవ్ పాట అయితే అది తన దారిన తాను వెళ్లిపోయేది, పిల్ల వెనకబడిపోయేది. నట్టువాంగం పట్టిన అమ్మాయి ఒక్క చూపు చూసి అదే జతిని మళ్లీ ఎత్తుకుంది. మృదంగం ఆయన తల ఊపి వెంట వచ్చారు. పళ్లెం మీద ఉన్న పిల్ల అక్కడికక్కడే చేతులతో అభినయం నడుపుతూ మడమలు సర్దుకుని, తాళం మూడో చుట్టులో ముడత దాటింది. సభలో నూటికి తొంభైమంది అది అలాగే ఉంటుందనుకుని చప్పట్లు కొట్టారు. మూడో వరుసలో టీచరుగారు మాత్రం చేతులు విప్పి, మోకాలి మీద తాళం వేస్తూ కనిపించారు.

మువ్వగోపాలం | సోమవారం, సాయంత్రం 5.50

ఇది చదివి లేచి నిలబడ్డాను. పదిహేడేళ్లకు ఆ సమయస్ఫూర్తి! అడుగులు నేర్పేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. తాళాలు పట్టి, జతి చెబుతూ, కళ్లు నర్తకి పాదాల మీద ఉంచేవాళ్లు జిల్లాకు ఎంతమంది? ఆరుగురు పాసయ్యారన్న కబురు కంటే నాకు ఇదే పెద్ద కబురు. అసలు మొదటి టపాలో దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారే!

ఫ్రెమాంట్ పిల్ల | సోమవారం, రాత్రి 8.45

నిజం. కరోనా రోజుల్లో టీచరుగారు నాకూ, ఇక్కడి ఇంకో ఇద్దరికీ వీడియోలో పాఠం చెప్పారు. ఆవిడ అక్కడ తట్టుకర్ర కొట్టిన దెబ్బ నాకు అర క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది. నేను దానికి సరిగ్గా అడుగు వేసినా ఆవిడకు ఇంకో అర క్షణం వెనక కనిపిస్తుంది. “తాళం తప్పావు” అని ఆవిడ, “తప్పలేదు” అని నేను. వారం రోజులు గొడవ పడ్డాక తేలింది, తప్పింది తంతి అని. తర్వాత ఎవరి తాళం వాళ్లే వేసుకుని వీడియో తీసి పంపేవాళ్లం. చూసి, నిమిషం నిమిషానికి తప్పులు పట్టి రాసేవారు. ఆ కాగితాలు దాచుకున్నాను.

ఇక్కడ మా ఊళ్లో రంగప్రవేశం, అదే తొలి పూర్తి ప్రదర్శన, అంటే పెళ్లంత హంగామా. హాలు, భోజనాలు, ఇండియా నుంచి వాద్యబృందం. నా కూతురు అడుగుతోంది. ముందు నట్టువాంగం నేర్చుకో, తర్వాత చూద్దాం అని రేపు చెప్పబోతున్నాను. ఇంట్లో యుద్ధానికి సిద్ధంగా ఉన్నాను.

మూడో వరుస నాన్న | సోమవారం, రాత్రి 10.20

ఏడుగురు వెళితే ఆరుగురు పాసయ్యారని రాశారు. ఆ ఏడోవాడు మా అబ్బాయి.

మీరు పేరు రాయనందుకు కృతజ్ఞతలు. అయినా బడిలో అందరికీ తెలుసు. ప్రయోగపరీక్షలో వాడికి మంచి మార్కులే వచ్చాయి. పరీక్షకుడు పాట ఆపించి, తాళం వేస్తూ జతి మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, చెప్పమంటే తడుముకోకుండా చెప్పాడట. పోయింది సిద్ధాంతంలో. తాళానికి పది ప్రాణాలట, ఆ తాళ దశప్రాణాలు రాయమంటే ఏడు రాసి ఆగిపోయాడు. యతుల గురించి అడిగితే ఖాళీ కాగితం ఇచ్చాడు.

పద్నాలుగేళ్లు. ఇక నాట్యానికి వెళ్లనంటున్నాడు. మార్కులు ఒక సాకు అని నాకు తెలుసు. వాడు పారాణి పెట్టుకున్న ఫోటో ఒకటి స్కూల్లో తోటివాళ్లు అందరి ఫోన్లకూ పంపి నవ్వారు. నేను లారీ ఆఫీసులో గుమాస్తాను, నాకు నాట్యం తెలియదు. వాడికి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. ఊరికే ధైర్యం చెప్పకండి, పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పండి.

బందరు బాబాయి | మంగళవారం, ఉదయం 5.30

నాయనా, రాత్రి మీ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు.

నా చిన్నప్పుడు, ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూశాను. తెర పైనుంచి జడ ఇలా పడింది. ఆ జడ అలా వేయడమే ఒక సవాలు. ఈ భామను విద్యలో ఓడించగలవాడు ఉంటే వచ్చి జడ కోయవచ్చు అని అర్థం. తెర తీసేసరికి మా అమ్మ నా చెవిలో, “ఆ కూర్చునే తీరు చూడరా, నేను కూడా అంత అందంగా కూర్చోలేను” అంది. మగవాడని ఆవిడకు తెలుసు. తెలిసే అంది.

పామర్రులో దిగి చల్లపల్లి వైపు బస్సు ఎక్కితే కూచిపూడి ఎంతోసేపు పట్టదు. ఆ ఊరి భాగవతుల మేళాల్లో తరాల తరబడి ఆడింది మగవాళ్లే. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, ఇలా ఆ ఇళ్ల మగపిల్లలకే ఈ విద్య. ఆడపిల్లలకు తలుపు తీసింది పోయిన శతాబ్దంలో. ఇప్పుడేమో మన బడిలో ముగ్గురు మగపిల్లలు దొంగల్లా వచ్చిపోతున్నారు. ఆదివారం వాణ్ని నాతో పంపండి. రామలింగేశ్వరస్వామి గుడి ముందు నిలబెట్టి, ఇక్కడ కాళ్లకు గజ్జె కట్టినవాళ్లంతా మీసాలు గీసుకున్న మగవాళ్లే అని చూపిస్తాను. దారిలో ఇడ్లీ నా ఖర్చు.

మువ్వగోపాలం | మంగళవారం, ఉదయం 6.40

పనికొచ్చేది అడిగారు కాబట్టి చెబుతాను. మీ అబ్బాయికి యతులు, అంటే అడుగుల లెక్క పెరిగే తరిగే తీరులు, వచ్చు. రాయడం రాదు, అంతే. ఈ సాయంత్రం వాడిని నిలబెట్టి ఈ మూడు వరసగా అడుగు వేయమనండి:

తకిటతకధిమి
తకతకిట
తకిట

లెక్క పెడితే ఏడు, ఐదు, మూడు. పైన లావు, పోనుపోను సన్నం. ఆవు తోక. దాని పేరే గోపుచ్ఛ యతి. కింది నుంచి పైకి వేయమనండి. మూడు, ఐదు, ఏడు. చిన్న పాయగా పుట్టి వెడల్పయ్యే ఏరు. స్రోతోవహ యతి. రెండు కొసలు సన్నంగా, నడుమ లావుగా వస్తే మృదంగం. నడుమ సన్నమైతే డమరుకం. అన్నీ సమానంగా ఉంటే సమ యతి. ఏ లెక్కకూ లొంగకపోతే విషమ యతి. ఆరూ అయిపోయాయి. ఇవన్నీ వాడు తీర్మానాల్లో, అంటే ముగింపు అడుగుల వరుసల్లో, ఏళ్లుగా తొక్కుతూనే ఉన్నాడు.

దశప్రాణాల్లో ఎవరైనా మరిచిపోయేవి చివరివే: లయ, యతి, ప్రస్తారం. ఏడు రాశాడంటే సరిగ్గా అక్కడే ఆగి ఉంటాడు. అసంయుత హస్తాలు, అంటే ఒంటిచేతి ముద్రలు, 28. రోజుకు నాలుగు, వారం రోజులు. పుస్తకం పట్టుకుని కాదు. అన్నం తినేటప్పుడు మీరు “కర్తరీముఖం” అనండి, వాడు ఎడమచేత్తో పట్టి చూపాలి. మీకు రాదన్నారు కదా, అదే మంచిది. వాడు మీకు నేర్పాలి.

ఇది మీ అబ్బాయి తప్పు కంటే మా టీచర్ల తప్పు. వార్షికోత్సవానికి రెండు నెలలు వేషాలు, వరుసలు, దుస్తులు. సిద్ధాంతం అనేసరికి పరీక్షకు పది రోజుల ముందు జిరాక్సు కాగితాలు. నా బడిలో కూడా ఇదే కథ. మీ టీచరుగారికి ఈ ముక్క చూపించండి, నా మీద కోపం వస్తే వస్తుంది.

గజ్జెలమోత | మంగళవారం, ఉదయం 11.15

చూపించాను. చదివి, “నిజమే” అన్నారు. ఇకపై శనివారం తరగతిలో మొదటి అరగంట గజ్జె కట్టకుండా కూర్చుని తాళం, శ్లోకం, లెక్కలు. పెద్దలు కూడా వచ్చి కూర్చోవచ్చు.

రెండు జడలు | మంగళవారం, మధ్యాహ్నం 12.00

స్కాలర్‌షిప్ గురించి ఎవరైనా చెబుతారా? మా అమ్మాయికి తొమ్మిది. ఎప్పుడు పెట్టాలి, ఎంత ఇస్తారు?

గజ్జెలమోత | మంగళవారం, మధ్యాహ్నం 12.50

పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలకు అండి, వచ్చే ఏడాది పెట్టవచ్చు. గుర్తింపు ఉన్న స్కూల్లో చదువుతూ ఉండాలి. డబ్బు పెద్ద మొత్తం కాదు, ఏడాదికి 3,600 రూపాయలు, గురువుకు కట్టే ఫీజు ఒక పరిమితి వరకు వేరుగా ఇస్తారు. రెండేళ్లకోసారి పిల్ల ఎంత ఎదిగిందో చూసి పొడిగిస్తారు, ఇరవై ఏళ్ల వరకు సాగవచ్చు. మన చిన్నారి ఎంపికకు వెళ్లినప్పుడు చేసింది మండూక శబ్దం అనే కూచిపూడి అంశం. లోపల ఏం అడిగారని అడిగితే, “నీ గజ్జెలు ఎవరు కట్టారు అన్నారు, నేనే కట్టుకున్నాను అన్నాను” అంది. మిగతాదేమీ గుర్తు లేదట.

రుసుము కట్టి పతకం తెచ్చుకోవడానికీ దీనికీ తేడా మీకు నేను వేరే చెప్పను. మీరే చూసుకోండి.

రెండు జడలు | మంగళవారం, మధ్యాహ్నం 1.05

చెప్పనంటూనే చెప్పారు. సరే. శనివారం అరగంటకు మేమిద్దరం వస్తాం.

నిర్వహణ | బుధవారం, ఉదయం 10.00

నిన్న ఒక సభ్యుడు స్కాలర్‌షిప్ పొందిన పాప ఫోటో, ఇంటి చిరునామా ఇక్కడ పెట్టారు. తొలగించాం. పిల్లల ఫోటోలు ఎంత మంచి ఉద్దేశంతో అయినా పెట్టవద్దు. రికార్డు నిర్వాహకుల పేరు ఫలానా అని రాసిన టపా కూడా తీసేశాం. చర్చ సాగించండి.

మూడో వరుస నాన్న | ఆదివారం, రాత్రి 9.30

బాబాయి గారు వాణ్ని కూచిపూడి తీసుకెళ్లి తెచ్చారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పడం లేదు. ఇడ్లీలు మాత్రం పదకొండు అయ్యాయట.

మళ్లీ బడికి వెళతాడో లేదో ఇంకా తేల్చలేదు. నేనూ అడగలేదు. భోజనాల దగ్గర నాకు మయూర హస్తం నేర్పాడు. నా ఉంగరం వేలు బొటనవేలి దగ్గరికి రానంటోంది. లెడ్జర్లు రాసి రాసి బిగుసుకుపోయింది. “రోజూ నూనె రాయి నాన్నా” అన్నాడు.

బందరు బాబాయి | ఆదివారం, రాత్రి 9.55

పదకొండు కాదు, తొమ్మిది. రెండు నావి.

గజ్జెలమోత గారూ, ఇంకో సంగతి. ఆ ఎడమకాలి గజ్జె దొరికింది. సొట్ట మువ్వతో సహా. మా ఇంట్లోనే ఉంది. మనవరాలి సంచిలోంచి బయటపడితే మా ఆవిడ కింద పెట్టకూడదని తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది. వారం రోజులుగా పసుపు కుంకుమ పెట్టి హారతి కూడా ఇస్తోందట. కుడికాలిది ఎవరిదో చెబితే రేపు ప్రసాదంతో కలిపి పంపిస్తాను.